కాశీల వదిలిన సిగరెట్

సిగరెట్ మానెయ్యమని నాకు చెప్పనోడు పాపాత్ముడు. పంజాగుట్ట డాక్టర్ చెప్పిండు, పక్కింటోళ్ళు చెప్పిండ్రు, ఆఖరికి పాన్ డబ్బా అన్న సుత చెప్పిండు, అదీ నాకు అగ్గిపెట్టె అందిచ్చుకుంట. అందరికీ నా జవాబు ఒక్కటే: "రేపట్నుంచి."

అప్పుడు నేను అమీర్‌పేటల జావా చెప్పేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ అంటె ఊర్లకు ఊర్లే బస్సెక్కి వస్తున్న రోజులు. గోడ కనవడకుంట బోర్డులు, బోర్డు కనవడకుంట మనుషులు. మా దందాల గొంతే ఆస్తి. కొత్త బ్యాచ్ మొదలువెట్టాలంటె ముందుగాల ఫ్రీ డెమో క్లాస్ ఇయ్యాలె. పిల్లలు ఇని, నచ్చితె చేరుతరు, లేకుంటె పక్క సందుల ఇంకో సారు దగ్గరికి పోతరు. సరిగ్గ ఆ డెమోల నాకు దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గా అది? బోర్డు పట్టుకొని నిలబడాల్సొచ్చింది. పిల్లలు నన్ను సూసి "అయ్యో పాపం" అనుకొని పక్క సందులకు పోయిండ్రు.

మా ఇన్‌స్టిట్యూట్ ఓనర్ గుంటూరాయన, మర్యాదస్తుడు. మర్యాదగనే పొడిచిండు. "మాస్టారూ, మీ సబ్జెక్టుకి వంక పెట్టలేం. కానీ వచ్చే డెమోలో కూడా ఇలాగే అయితే పొద్దున బ్యాచ్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తానండి. ఏమీ అనుకోకండి." నా ఇల్లు నడిచేదే ఆ పొద్దటి బ్యాచ్ మీద. ఏమీ అనుకోవద్దంట!

గప్పుడే మా అమ్మ కాశీ నుంచి దిగింది. బల్కంపేటల మా గల్లీ ఆడోళ్ళంత కలిసి రైలెక్కి పోయిండ్రు. కాశీకి పోతె ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలిపెట్టి రావాలె, ఇగ బతికినన్ని రోజులు దాన్ని ముట్టొద్దు. మనోళ్ళు తెలివిగల్లోళ్ళు గద, ఎన్నడూ తినని కాయ సూసి వదిలిపెడ్తరు. గంగ చెంబు అందుకుంట అడిగిన, "ఏం వదిలినవే అమ్మా, కాకరకాయనా?"

"నీ సిగిరెట్" అన్నది.

"నాది నువ్వెట్ల వదుల్తవే? ఎవరిది వాళ్ళే వదలాలె. గిట్ల చెల్లదు."

"నిన్ను తొమ్మిది నెలలు మోసినప్పుడు ఎవరిది ఎవరు మోస్తున్నరని అడిగిన్నా? గంగల మునిగి చెప్పి వచ్చిన. ఇగ నువ్వు ముట్టిస్తె నా మాట పోతది. నీ ఇష్టం."

నీ ఇష్టం అని మా అమ్మ అన్నదంటె ఇగ మనకు ఇష్టాయిష్టాలు లేవని అర్థం. మస్తు కోపమొచ్చింది. జేబుల ప్యాకెట్ తీసి చెత్తల పారేసిన, భక్తితోని కాదు, మంటతోని.

ఆ తర్వాత చూడాలె నా అవస్థ! ఆటోవాలాతోని లొల్లి, కరెంటు పోతె కరెంటుతోని లొల్లి. క్లాసుల మార్కర్‌ను రెండు వేళ్ళ నడుమ పెట్టుకొని, చెప్పుకుంట చెప్పుకుంట బూడిద రాల్చినట్టు టకటక కొట్టిన. ముందు బెంచీల పిల్ల కిసుక్కున నవ్వింది, ఎనకనే క్లాసంత నవ్వింది. పక్క రూంల పర్సనాలిటీ డెవలప్‌మెంట్ సారు రోజూ గొంతు చించుకుంటుండె, పాజిటివ్‌గా ఆలోచించండని. పాణం గుంజుతుంటె ఏం ఆలోచిస్తమయ్యా! సోంపు నమిలిన, లవంగం నమిలిన, కొంత నయమే. అసలు నన్ను కాపాడింది ఒక్క మాట.

చాయ్ కాడ నాకో దోస్తు, టెస్టింగ్ కోర్సు చెప్పే భీమవరం ఆయన. వన్ బై టూ చాయ్ చెప్పి అలవాటు ప్రకారం సిగరెట్ చాపిండు. డాక్టర్ వద్దన్నడంటె "డాక్టర్లూ తాగుతారు గురూ" అంటడు. మానేసిన అంటె "ఎన్నోసారి?" అంటడు. అవన్ని అయిపోయినయ్. ఆ రోజు నా నోట్లెకెళ్ళి ఊరికెనే వచ్చింది, "కాశీల వదిలేసినం భాయ్."

చాపిన చెయ్యి గాలిలనే ఆగింది. "కాశీలోనా! ముందే చెప్పొద్దూ!" అని లెంపలేసుకొని సిగరెట్ జేబుల పెట్టుకున్నడు. నువ్వెప్పుడెళ్ళావని అడగలే. ఎవ్వరూ అడగలే. డాక్టర్ మాట తీసి పారేస్తరు గని, కాశీల వదిలినదాన్ని మనతోని ముట్టిపిస్తె పాపం తమకు చుట్టుకుంటదని భయం మనోళ్ళకు. సంగతి తెల్సినంక పాన్ డబ్బా అన్న నన్ను సూడంగనే సోంపు ప్యాకెట్ తీసిస్తుండె. నేను అబద్ధమాడిన్నా? ఆడలే. కాశీల వదిలింది నిజమే గద!

మెల్లమెల్లగ ముక్కు తెరుచుకుంది. ఫస్టు మురికి నీళ్ళ మోరీ వాసన కొట్టింది, అదీ మంచిగనే అనిపిచ్చింది. తర్వాత ఎల్లమ్మ గుడి కాడ పసుపు, వేపాకు వాసన. ఇన్ని రోజులు అదే తొవ్వల నడిచిన, ఒక్కనాడు తెల్వలే.

డెమో నాడు రూం నిండి మెట్ల మీద సుత నిలవడ్డరు. ఓనర్ ఎనక కుర్చీ ఏస్కొని కూసున్నడు. ఇన్‌హెరిటెన్స్, అదే వారసత్వం పాఠం కాడికి రాంగనే గొంతుల గిలి మొదలైంది. అయిపోయింది నా పని అనుకున్న. ఓనర్ జర ముందుకు వంగిండు. నీళ్ళు తాగి, ఊపిరి పట్టి, మెల్లగ అన్న, "జావాల తల్లి క్లాసుది పిల్ల క్లాసుకు వస్తది. పిల్లది తల్లికి పోదు. గీ రూల్ మా అమ్మకు తెల్వక, నా సిగరెట్ తీస్కపోయి కాశీల వదిలేసొచ్చింది."

రూం రూమంత గొల్లున నవ్వింది. ఓనర్ కడుపు పట్టుకున్నడు. ఆ నవ్వుల గిలి ఎటు పోయిందో! అక్కడ్నుంచి నా గొంతు గంట లెక్క మోగింది, మెట్ల మీదోళ్ళ దాక. క్లాసయినంక పేర్లు రాపిచ్చుకునేటోళ్ళ లైన్ రోడ్డు మీదికి వచ్చింది. "మాస్టారూ, పెద్ద రూం చూద్దామండీ" అన్నడు ఓనర్. గెలిచిన! ఛాతి ఇంత పొంగి, బస్ సుత ఎక్కకుంట ఇంటిదాక నడిచే పోయిన.

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. "బ్యాచ్ దక్కిందే! ఒక్క దగ్గు రాలే" అన్న.

"నాకు పొద్దుగాలనే ఎర్క" అన్నది తలెత్తకుంట. "నిత్యం నీ దగ్గు ఇని గద నేను లేచేది. ఇయ్యాల తెల్లారినా ఇనవడలే. పాణం ఆగమై ఉరికొచ్చి, నీ ముక్కు కాడ వేలు పెట్టి సూసిన, ఉన్నవా లేవా అని."

పగలబడి నవ్విన. కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్విన, దగ్గు రాలే. అమ్మ చిక్కుడుకాయల గిన్నె పక్కకు పెట్టి, చెవి నా దిక్కు వంచింది.

"మల్లొకసారి నవ్వు బిడ్డా" అన్నది.