కుడి రెక్క మీద గడ్డ

2016లో శంషాబాద్ దగ్గర ఒక పరిశోధనశాలలో టెక్నీషియన్‌గా ఉన్నాను. కణితి పుట్టించే ఒక వైరస్ కోళ్ల కండరాన్ని ఏం చేస్తుందో చూడటం మా పని. ఎడమ రెక్క కండరంలో ఇంజెక్షన్ ఇస్తే కొద్ది రోజుల్లో అక్కడ గడ్డ లేచేది. దాన్ని పలచగా కోసి మైక్రోస్కోపులో చూస్తే, చారలుగా సాగే కండరపు పోగుల మధ్యకు వేరే కణాలు కలుపు మొక్కల్లా చొరబడి ఉండేవి.

నలభై ఒకటో నంబరు కోడికి కుడి రెక్క మీద కూడా గడ్డ లేచింది.

కోళ్లను పట్టుకునేది తొండుపల్లి యాదమ్మ. కాంట్రాక్టు ఉద్యోగం. ఇంజెక్షన్లు ఇచ్చే మా డాక్టరమ్మ ఆమెను పిలిచారు.

"కోడి గింజుకుని సూది అటు తగిలి ఉంటుంది. దాచకుండా చెప్పు."

"సూది మీ చేతుల, కోడి నా చేతుల. తప్పు నాకొక్కదానికే వస్తదా మేడం?"

"శనివారంలోగా తేలకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాం."

బయటికొచ్చాక యాదమ్మ నన్ను ఆపింది. "సారూ, చినుకు పడ్డా రాసుకుంటరంట గద. జర మీ బుక్కుల చూడుండ్రి, గా దినం నేనేం జేసిన్నో."

సాయంత్రం రాజేంద్రనగర్‌లో ఇంటికి రాగానే డైరీ తీశాను. ఇంజెక్షన్ అయిన రెండో రోజు, నా అక్షరాలే: "41 రెక్క బిళ్ల ఊడింది. కుడి రెక్కకు కొత్తది గుచ్చాను." కోడి నంబరున్న ఆ రేకు బిళ్లను చర్మంలోంచి గుచ్చి బిగిస్తాం. చిన్న పనే కదా అని ల్యాబు రిజిస్టర్లో ఎక్కించలేదు.

మర్నాడు డైరీ డాక్టరమ్మ ముందు పెట్టి, తప్పు నాదేనన్నాను. ఆవిడ ఆ వాక్యం రెండుసార్లు చదివారు.

"వైరస్ రక్తంలో ఒళ్లంతా తిరుగుతూనే ఉందండీ. బిళ్ల గుచ్చిన గాయం మానడానికి కణాలు పెరిగే చోట అందుకుంది. చదవడమే గాని, నేనూ చూడలేదు."

ఇంజెక్షన్ ఇచ్చిన మరో మూడు కోళ్లకు కుడి రెక్కలో శుభ్రమైన ఖాళీ సూది గుచ్చి చూశాం. యాదమ్మే పట్టుకుంది. రెండింటికి సరిగ్గా గుచ్చిన చోటే గడ్డ లేచింది.

"అంటే పుండు మాన్పనీకి పోయిన బలమే గడ్డయిందా సారూ?"

అవునన్నాను. ఆ గడ్డను కోసి చేసిన స్లైడును మైక్రోస్కోపులో చాలాసేపు చూశాను. మానుతున్న కండరం ఎక్కడ ఆగిందో, కణితి ఎక్కడ మొదలైందో నాకు గీత దొరకలేదు.

యాదమ్మ రిజిస్టరు నా ముందుకు జరిపింది. "ఇగ గీ బుక్కుల గూడ రాయుండ్రి."

ఆలస్యంగా రాస్తున్నానని కూడా రాసి, సంతకం పెట్టాను. రిటైరయ్యేదాకా సూదిమొన గీత పడినా ముందు రిజిస్టర్లో, తర్వాతే డైరీలో.