కాజాల అట్ట

మా పిన్నికి చూపు లేదు. అయినా మా టైలరింగ్ షాపులో చొక్కాలకు కాజాలు కుట్టేది ఆవిడే. గాట్లు పెట్టిన అట్టముక్కను చొక్కా అంచుకు ఆనించి, ఒక్కో గాటులో వేలు పెట్టి చోటు చూసుకుంటుంది. ఆవిడ కుట్టిన కాజా వెంట్రుకవాసి పక్కకు జరగడం నేనెరగను. ఆ అట్టలు కోసిచ్చే పని నాది.

ఓటు దగ్గర మాత్రం ఇరవయ్యేళ్ళుగా బాబాయి చెయ్యే. పిన్ని ఆయన చెవిలో గుర్తు చెప్పేది, ఆయన ముద్ర వేసేవాడు. ఈ పంచాయతీ ఎన్నికలకు వారం ముందు షాపులో టీ తాగుతూ ఆయనగారే నోరు జారాడు.

"మా ఇంట్లో రెండు ఓట్లూ ఎప్పుడూ నా గుర్తుకే."

పిన్ని చేతిలో సూది ఆగిపోయింది. "నేను చెప్పింది వేరు కదా?"

"నీ మంచికేలే," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిన్ని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు నన్ను పిలిచి, "ఈసారి నా ఓటు నేనే వేసుకోవాలే. టేపు పట్టుకెళ్ళి ఓటు కాగితం కొలిచి రా," అంది.

నమూనా ఓటు కాగితం బడి గోడకు అంటించారు. కొలతలు తెచ్చి, గడికో గాటు వచ్చేలా అట్ట కోశాను. పిన్ని గుర్తులన్నీ వరసగా చెప్పించుకుంది. తనది ఎన్నో గాటో నాకూ చెప్పలేదు.

ఓట్లరోజు అధికారి ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. "తోడు మనిషిని తెచ్చుకోవచ్చు కదమ్మా?"

"నాకు తోడు ఇదే బాబూ."

ఆయన సరేనని ఓటు కాగితం, ముద్ర చేతికిచ్చాడు. పిన్ని తెర వెనక్కి ఒక్కతే వెళ్ళింది. నేనూ బాబాయీ వరసలో నిలబడ్డాం. ఎంతసేపటికీ రాదే! "చెప్తే విన్నారా? ఓటు కాస్తా చెల్లకుండా పోతుంది," అని గొణిగాడు బాబాయి.

అంతలో తెర వెనకనుంచి పిన్ని గొంతు వినిపించింది. "ఏమే, కాగితానికి కూడా కుట్టుకి అరంగుళం వదిలావా?"

చచ్చాను అనుకున్నాను. గుడ్డలు కోసే అలవాటుకొద్దీ అట్ట పైన అరంగుళం వదిలేశాను. అలాగే పెట్టి ముద్ర వేస్తే కింది గడిలో పడేది. అట్ట కాగితం కన్నా పొడుగు రావడంతో పిన్ని వేళ్ళు పట్టేశాయి. వరసలో అందరూ నవ్వుతున్నారు. పిన్ని ఆ అరంగుళాన్ని గోటితో నొక్కి వెనక్కి మడిచినట్టుంది, ఠక్కున ముద్ర పడింది. కాగితం మడిచి, తెర దాటి వచ్చి, తడుముకుంటూ తన చేత్తోనే పెట్టెలో వేసింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

బయటికొచ్చాక బాబాయి మెల్లగా అడిగాడు. "ఇంతకీ ఎవరికేశావ్?"

"చెప్పను," అంది పిన్ని, అట్టను సంచిలో దాచుకుంటూ. "నీ మంచికేలే."