పొగగొట్టం పక్క గోడ

చిత్తూరు శివార్లలో ఒక ఇంగ్లీషు దొర కట్టించిన బంగళా ఉండేది. ఊళ్లో అందరూ దాన్ని పొగగొట్టం బంగళా అనేవాళ్లు. ఇప్పుడక్కడ చదును చేసిన నేల, చుట్టూ ఇనుప కంచె, లోపల కంపచెట్లు. ఆ దారిన బస్సులో పోవాల్సి వస్తే నేను అవతలి వైపు సీట్లో కూర్చుంటాను.

ఆ దొర తన దేశంలో తాను పుట్టి పెరిగిన పల్లెటూరి భవనాన్నే ఇక్కడ మళ్లీ నిలబెట్టాలనుకున్నాడట. మంచు జారిపోవడానికని వాళ్లు ఇంటి కప్పు బాగా ఏటవాలుగా వేస్తారు. మంచు ముఖం చూడని చిత్తూరులోనూ అలాగే వేయించాడు. ముందు హాలుకి మూడు పలకలుగా బయటికి పొడుచుకొచ్చిన పెద్ద కిటికీ, దాని కింద కూర్చోవడానికి టేకు బల్ల. వాళ్ల దేశంలో ఎండకు మొహం వాచి ఉంటారు కనక ఆ కిటికీ. మన ఏప్రిల్లో ఆ బల్ల మీద కూర్చుంటే వడదెబ్బే. దొరలకు వెడల్పాటి మెట్లు, పనివాళ్లకు వెనకవైపు ఒక పక్కకి ఒదిగి ఎక్కాల్సిన చీకటి మెట్లు. హాల్లో చలిమంట వేసుకునే గూడు, దాని మీద నుంచి కప్పును దాటుకుని పైకి లేచిన పొగగొట్టం.

"దొరకు ఈడ సలి యాడ కనపడినాదో!" అని నవ్వేవాడు మా నాయన.

నాయన సున్నం మేస్త్రీ. మాది కార్వేటినగరం. ఆ బంగళా గోడలకు మొదట సున్నం పూసింది మా తాత, తర్వాత చూసుకున్నది నాయన. సున్నాన్ని గుంటలో నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో నూరి, కరక్కాయలూ బెల్లమూ ఊరిన నీళ్లు పోసేవాడు. ఆఖరి పూతలోకి కోడిగుడ్డు తెల్లసొన. తెల్లసొన బంగళా గోడకి, పచ్చసొన మా ఇంటికి. ఆ పని జరిగినన్నాళ్లూ అమ్మ పూటపూటా పొరటు చేసేది. పూత ఆరుతుండగా నాయన గులకరాయితో గోడను రుద్ది రుద్ది నునుపు తేల్చి, చివర్లో చెంప ఆనించి చూసేవాడు. "సల్లగుండాది" అన్నాడంటే పని అయిపోయినట్టు.

బంగళాకు ఒకటే జబ్బు. పొగగొట్టంలో ఎన్నడూ పొగ లేదు, పావురాలు తప్ప. కార్తీకం వానలకు దాంట్లోంచి నీళ్లు దిగి పక్క గోడలోకి ఇంకేవి. గూడు పక్కన పెద్ద మరక లేచేది. శివరాత్రి దాటాక ఎండలకు అదే ఆరిపోయేది. పైన నాయన ఒక నాపరాయి కప్పాడు గానీ వాలువాన ఆగుతుందా? ఆ మరకను ఆయన ఏమీ చేసేవాడు కాదు. "ఉండనీ, పోతాది" అనేవాడు.

నేను ఇంజనీరింగు చదివి ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు ఆ బంగళా మరమ్మతుల పని నా చేతికే వచ్చింది. అప్పటికది ప్రభుత్వ అతిథి గృహం. ఎవరో పెద్దాయన వచ్చి దిగబోతున్నాడు. ఆ మరక కనపడకూడదని మా పై అధికారి చెప్పాడు. నేను గోడ మీది సున్నం చెక్కించేసి, సిమెంటు పూత వేయించి, దాని మీద నీరు పట్టని రంగు కొట్టించడానికి సిద్ధమయ్యాను. ఎవరు చెప్పారో, నాయన కార్వేటినగరం నుంచి బస్సెక్కి వచ్చేశాడు.

"సిమెంటు వద్దు తల్లీ. ఈ గోడ వానాకాలం నీళ్లు తాగుతాది, ఎండాకాలం కక్కేస్తాది. దాని నోరు మూసేస్తే లోపల్లోపలే కుళ్లిపోతాది."

"నేను చదువుకున్నాను నాయనా. నాకు తెలుసు" అన్నాను.

కూలీలందరి ముందరా అన్నాను. ఆయన తలగుడ్డ విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు. "సరేమ్మా, నువ్వు సదువుకున్నదానివి" అన్నాడు. ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. ఎగతాళి చేసి ఉంటే నాకిప్పుడు ఇంత నరకం ఉండేది కాదు.

ఆ ఏడాది గోడ తళతళలాడింది. పెద్దాయన వచ్చాడు, పోయాడు, గోడ వంక చూశాడో లేదో కూడా తెలియదు. మరుసటేడు వానలకు సిమెంటు పొర ఉబ్బింది. వేలితో తడితే డొల్లగా మోగింది. పగుళ్లకు మళ్లీ సిమెంటే మెత్తించాను. ఆ పైయేడు వారం రోజులు ముసురు పట్టి, ఒక ఉదయం పొగగొట్టమూ పక్క గోడా కలిసి హాల్లోకి కూలిపోయాయి, మూడు పలకల కిటికీని కూడా లాక్కుంటూ. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. నేను వెళ్లి చూసేసరికి లోపలి ఇటుకలు పిండిపిండిగా, తడిసి ముద్దగా ఉన్నాయి. పట్టుకుంటే చేతిలోనే విడిపోయాయి. సిమెంటు పలకలు మాత్రం చెక్కుచెదరలేదు.

కూలిపోవడానికి కారణమేమిటో నివేదిక రాయాల్సింది నేనే. నిజం రాస్తే నా ఉద్యోగానికి ఎసరు. ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను. పాత సున్నపు పనిలో మొదటినుంచీ ఉన్న లోపం వల్లనే గోడ కూలిందని ఒక వాక్యం రాశాను. అంతకు ముందు నేను వేయించిన సిమెంటు మాట ఎక్కడా లేదు. దాన్ని బట్టే మిగతా బంగళా కూడా ప్రమాదమని తేల్చి కూల్చేశారు. తాత చేతి గోడలన్నీ గట్టిగానే ఉన్నాయి. యంత్రాలకు మూడు రోజులు పట్టింది.

నాయన బంగళా గురించి పెద్దగా ఏడవలేదు. నేను ఇంటికి వెళ్లినప్పుడు ఒకటే అడిగాడు.

"పాపా, కాయితంలో ఏమని రాసినావు? సున్నం తప్పని రాయలేదు గదా?"

"లేదు నాయనా."

"సదువు, ఇంటాను."

నా సంచిలో ఒక నకలు ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదు. నేను ఒక్కో వాక్యమే తెలుగులో చెబుతూ పోయాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చాక, "సున్నపు పని నాణ్యమైనది, అందులో ఏ లోపమూ లేదు, వర్షాల వల్లనే కూలింది" అని చదివాను. నాయన కళ్లు తుడుచుకున్నాడు. "మీ తాత ఇనింటే ఎంత సంబరపడునో" అని, ఆ కాగితాలు నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. తాపీ, గులకరాయి దాచుకున్న రేకు పెట్టెలో పెట్టేశాడు. ఇవ్వమని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు ఆయనకు పనిలేదు. సున్నం పని కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లూ లేరు. ఎవరైనా పలకరించడానికి వస్తే పెట్టె తెరుస్తాడు. "మా కూతురు రాసినాది, గవర్మెంటు కాయితం. మా పనిలో తప్పు లేదని రాసినాది" అని చూపిస్తాడు. వచ్చినవాళ్లలో ఇంగ్లీషు చదవగలిగినవాళ్లుంటే నా పై ప్రాణాలు పైనే పోతాయి. ఇంతవరకు ఎవరూ చదవలేదు.

నేను వెళ్లినప్పుడల్లా మడతలు నలిగిపోయిన ఆ కాగితం నా చేతిలో పెడతాడు. "ఇంకొక తూరి సదువమ్మా" అంటాడు.

చదువుతాను. ఇప్పుడు నాకు ఆ కాగితం వంక చూడాల్సిన అవసరం కూడా లేదు.