పాదం గీసిన కాగితం

ఎజెల్ టేటమ్ కుడిపాదాన్ని సంచి కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీస్తోంది అతని భార్య వెర్డీ. అమెరికా దక్షిణాన ఉన్న ఆ ఊళ్ళో నల్లవాళ్ళు బూట్ల దుకాణంలో కూర్చుని, తొడిగి చూసుకోవడానికి లేదు. పాదం ఆకారం కత్తిరించి తీసుకెళ్తే, గుమాస్తా దాన్ని బూటు అడుగు అట్టకు ఆనించి చూసి ఒక జత ఇస్తాడు. నల్లవాడి కాలు దూరిన జతను మళ్ళీ వెనక్కి తీసుకోడు.

"ఇదేం కాలయ్యా, ఎవరో కొరికి వదిలేసిన రొట్టెలా ఉంది."

"జర్మనీ చలి కొరికింది. నువ్వు సరిగ్గా గియ్యి."

"కదలకుండా ఉంటేగా! సార్జెంటుగారికి చక్కిలిగింతలు."

నిజంగానే ఒకప్పుడు సార్జెంటు. సైన్యానికి బూట్లు, బట్టలు పంచే కొట్టులో పని. యుద్ధరంగంలో మనుషులు తరిగిపోయినప్పుడు, హోదా వదులుకుంటే నల్లవాళ్ళకీ తుపాకి ఇస్తామన్నారు పైవాళ్ళు. ఎజెల్ చొక్కా చేతి మీది సార్జెంటు పట్టీలు తనే కత్తిరించుకున్నాడు. రెండు నెలలు మంచులో పోరాడాక ఆసుపత్రిలో చలికి చచ్చుబడ్డ మూడు కాలివేళ్ళు తీసేశారు. తిరిగొచ్చిన రోజు, అదే యూనిఫాంలో ఉన్న అతణ్ణి బస్సు డ్రైవరు వెనక సీటుకు తోలాడు.

ఇప్పుడు రైలుస్టేషన్లో మూటలెత్తే పని దొరికేలా ఉంది. సోమవారం రమ్మన్నాడు మేస్త్రీ. పది గంటలు నిలబడాలి. పాత బూట్లకు అట్టలు ఊడిపోయాయి. పోయినసారి ఇలా కాగితం ఇచ్చి తెచ్చుకున్న జతలో వాచిన పాదం ఇరుక్కుని నెత్తురోడింది. ఈ పని పోతే చలికాలంలో నాలుగేళ్ళ కూతురికి ఏం పెట్టాలో వాళ్ళిద్దరికీ తెలియదు.

శనివారం ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. గుమాస్తా కాగితం కొలిచి ఒక జత బల్ల మీద పడేశాడు. ఎజెల్ చూపుతోనే తెలుసుకున్నాడు, పట్టదని. సైన్యంలో కొన్ని వందలమందిని కూర్చోబెట్టి, తొడిగించి, వేళ్ళ దగ్గర నొక్కి చూసి బూట్లిచ్చిన చెయ్యి అది. ఆ అలవాటులోనే వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, ఏంట్రా అది? లే!"

"ఒక్కసారి తొడిగి చూస్తానండి. కాగితం మీద తెలిసే కాలు కాదిది."

"దేశాలు తిరిగి దొరవైపోయావా?"

గుమ్మం దగ్గరున్న ఇద్దరు తెల్లవాళ్ళు లోపలికొచ్చారు. ఒకడి చేతిలో ఇనుప కడ్డీ ఉంది. ఎజెల్ లేవలేదు.

"మంచులో మీకోసం నిలబడితే పోయిన వేళ్ళండి ఇవి," అన్నాడు.

కడ్డీ పైకి లేచింది. వెర్డీ మధ్యలోకి దూరింది. ఎక్కణ్ణించి తెచ్చుకుందో, నవ్వింది కూడా.

"అయ్యా, పట్టించుకోకండి! ఈయనకి బుర్ర చెడిపోయిందండి. తను ఎక్కడున్నదీ తనకే తెలీదు. పిచ్చివాడు దొరా, వదిలెయ్యండి."

వాళ్ళు పగలబడి నవ్వారు. "తీసుకుపో. గొలుసేసి కట్టుకో!"

ఆమె వంగి అతని బూటు తాడు కట్టింది. చెయ్యి పట్టుకుని లేపింది. ఊరి చివరిదాకా ఆ చెయ్యి వదల్లేదు.

"చంపేసేవాళ్ళు నిన్ను," అంది అప్పుడు. "నాకింకో మాట తోచలేదు."

"తెలుసులే."

సోమవారం పాత బూట్లలో గుడ్డలు కుక్కుకుని స్టేషనుకు వెళ్ళాడు. మేస్త్రీ తలెత్తలేదు.

"నీకు మతి సరిగ్గా లేదటగా. బండ్ల మధ్య పిచ్చివాణ్ణి పెట్టుకోనా?"

"నా మతికేం కాలేదండి."

"మరి నీ పెళ్ళామే చెప్పిందటగా, నిండు దుకాణంలో. అబద్ధమాడిందా?"

ఎజెల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అవునంటే, తెల్లవాళ్ళను మోసం చేసినదాన్ని వెతుక్కుంటూ ఎవరు వస్తారో అతనికి తెలుసు. ఇంట్లో పగలంతా వెర్డీ, పిల్లా ఒంటరిగా ఉంటారు.

"లేదండి," అన్నాడు. "నిజమే చెప్పింది."

ఇంటికొచ్చేసరికి వెర్డీ చిక్కుళ్ళు వలుస్తోంది.

"ఇంత తొందరగా వచ్చేశావేం?"

"మనుషులు సరిపోయారట."

"మాటిచ్చాడుగా! రేపు ఇంకా పొద్దున్నే వెళ్ళు, అందరికంటే ముందు."

"సరే, వెళ్తాను," అన్నాడు ఎజెల్. ఆమె పక్కన కూర్చుని చిక్కుళ్ళు తీసుకున్నాడు.