తొంభై దగ్గర వణుకు

ఆ డ్రైవరుని అందరూ నిండుగ్లాసు అని పిలిచేవారు. అంచుదాకా నీళ్లు పోసిన గ్లాసు వెనక సీట్లో పెట్టినా, ఆయన నడిపితే చుక్క ఒలకదని పేరు. ఒకసారి కారు అద్దం మీద వాలిన ఈగ కునుకు తీసి, పక్క ఊళ్లో లేచి, ఇంటికి దారి తెలియక ఏడ్చిందని కూడా చెప్పుకునేవారు. ఈగ సంగతి ఏమోగాని గ్లాసు సంగతి నిజం. ఆయన యజమానురాలైన పెద్దావిడ ప్రతి సోమవారం పక్క ఊరి ఆసుపత్రికి వెళ్తూ, దారి పొడుగునా ఫ్లాస్కులోని టీ పోసుకుని తాగేవారు. చిన్న కుదుపు తగిలినా నడుము పట్టేసే మనిషి. ఇంకెవరు నడిపే బండీ ఎక్కేవారు కాదు. కారు కూడా నిండుగ్లాసు ఇంటి ముందే ఉండేది.

అలాంటి కారుకి కొత్త టైర్లు వేయించిన వారంలోనే, హైవే మీద స్టీరింగు వణికింది.

ఎనభై దాకా ఏమీ లేదు. స్పీడు ముల్లు తొంభై మీదికి రాగానే, చలిజ్వరం వచ్చినట్టు చేతుల్లో గజగజలాడింది. వేగం తగ్గిస్తే సద్దుమణిగింది. వెనక సీట్లో గ్లాసులోంచి టీ ఒలికింది. అమ్మగారు చేతిరుమాలుతో ఒళ్లు తుడుచుకుని, ఫ్లాస్కు మూత బిగించి పక్కన పెట్టేశారు. ఆ మూత చప్పుడు నిండుగ్లాసు గుండెలో ముల్లులా దిగింది.

టైర్ల షాపువాడు ఏ వరసా లేకపోయినా అందరినీ బావా అనే రకం.

"టైర్లు వేసి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే నస మొదలెట్టావా బావా?" అంటూ ముందు చక్రాలు ఊడదీసి మిషన్ మీద తిప్పాడు. నాలుక చప్పరించాడు. "నేను అంటించిన బరువులు ఊడిపోయాయి. ఇదిగో, ఈ సీసం బిళ్లలు. చక్రంలో ఓ పక్క బరువెక్కువైతే ఎదురు పక్క ఇవి అంటిస్తాం. లేకపోతే స్పీడులో చక్రం గెంతుతుంది."

వేలి గోరంత బిళ్లల్ని రిమ్ము లోపలి వైపు వరసగా అంటించి, మిషన్ మీద సున్నా చూపించాడు. "ఈసారి గట్టి జిగురు వాడాను. వీటిని పీకాలంటే మొసలి రావాలి."

సోమవారం వచ్చింది. తొంభై దగ్గర మళ్లీ అదే వణుకు. అమ్మగారు ఆ రోజు ఫ్లాస్కు మూతే తియ్యలేదు.

"మిషన్ అబద్ధం చెప్పదు బావా," అన్నాడు షాపువాడు, ఈసారి కుర్చీలోంచి లేవకుండానే. "కారు బంగారంలా ఉంది. ఓసారి నీ చేతులు చూపించుకో."

వాడు నవ్వాడు. నిండుగ్లాసు తన చేతులకేసి చూసుకున్నాడు.

ఆయన తండ్రికి గడ్డాలు గీసే షాపు ఉండేది. సరిగ్గా ఈ వయసులోనే ఒకరోజు ఎవరికో చెవి కింద తండ్రి కత్తి వణికింది. గాటు చిన్నదే. కానీ ఆ మర్నాటి నుంచి షాపు తలుపులు తెరుచుకోలేదు. చేతులు తొడల కింద దాచుకుని గుమ్మంలో కూర్చున్న తండ్రి, కొడుకు కళ్లలో అలాగే ఉండిపోయాడు.

నిండుగ్లాసు ఇంట్లో ఎవరూ చూడకుండా పరీక్షలు మొదలుపెట్టాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, చాపిన అరచేతుల మీద వార్తాపత్రిక పెట్టుకుని చూశాడు. కదల్లేదు. సూదిలో దారం ఎక్కించాడు, మొదటిసారికే ఎక్కింది. మరి తొంభై దగ్గరే ఎందుకు? చేతులకి స్పీడు ఎలా తెలుస్తుంది? చేతులకి తెలియకపోయినా భయానికి తెలుస్తుందిగా, అని తనే జవాబు చెప్పుకుని ఇంకా కుంగిపోయాడు.

ఇంతలో అమ్మగారు కబురు పెట్టారు. "ఈ సోమవారం వెన్నులో ఇంజెక్షను ఇస్తారట. వచ్చేటప్పుడు ఒక్క కుదుపు తగిలినా కష్టమేనన్నాడు డాక్టరు. నువ్వున్నావుగా, ఫరవాలేదన్నాను."

ఆదివారం మధ్యాహ్నం ఆయన చొక్కా తొడుక్కుని కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఎక్కడికండీ?" అంది భార్య. ఆమె శుభ్రత గురించి వీధి వీధంతా కథలే. సబ్బుని కడిగిగాని వాడదని, వానని కూడా వడగట్టి పడనిస్తుందని.

"అమ్మగారికి తాళాలు ఇచ్చేసి వస్తాను. నా చేతులు నాన్న చేతులయ్యాయి."

ఆమె పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకుంది. చాలాసేపు పట్టుకుని చూసింది. "నాకేం తెలియడం లేదే," అని గొణిగి, మొగుడికి చెమటలు పట్టడం చూసి లేచి కిటికీ తలుపులు బార్లా తెరిచింది. గాలి ఈడ్చి కొట్టింది. బల్ల మీది పత్రిక ఎగిరి వంటింట్లో పడింది.

కర్టెను మాత్రం కదల్లేదు.

ఇన్నేళ్లుగా ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా మొహాన టపటపా కొట్టిన కర్టెను. నిండుగ్లాసు దాన్నే చూస్తూ అడిగాడు. "దీనికేమైంది?"

"గాలికి ఎగరకుండా అడుగున బరువు కుట్టాను. ఈ కిటికీకీ, ఆ కిటికీకీ."

"ఏం బరువు?"

"కొత్త టైర్లు వేసినప్పటి నుంచి మీ కారు చక్రాల లోపల ఏదో బంక మురికి బిళ్లలు కట్టి ఉంది. ఎంత తోమినా పోదే. మొదటి ఆదివారం కడిగేటప్పుడు గరిటె కాడతో పీకాను. మళ్లీ వారం చూద్దును కదా, మళ్లీ కట్టింది. పీకితే బరువుగా ఉన్నాయి, పారెయ్యడం ఎందుకని..."

ఆయన కత్తెర తీసుకుని కర్టెను మడత విప్పాడు. ఒక్కో కుట్టూ తెగింది, గుడ్డకి గాటు పడలేదు. సీసం బిళ్లలు జలజలా ఒళ్లో రాలాయి. అప్పుడు మాత్రం చేతులు వణికాయి.

షాపువాడికి ఫోను చేశాడు. "ఆదివారమైనా షాపు తియ్యి. నువ్వు చెప్పిన మొసలి దొరికింది. మా ఇంట్లోనే ఉంది."

"మొసలి ఎవరండీ?" అంది భార్య.

మర్నాడు తిరుగు ప్రయాణంలో అమ్మగారు దిండుకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. హైవే వచ్చింది. ఎనభై. ఎనభై అయిదు. తొంభై. స్టీరింగు నిద్రపోతున్న పిల్లలా ఉంది. నమ్మకం కుదరక ఎనభైకి దించాడు, మళ్లీ తొంభైకి ఎక్కించాడు, మళ్లీ దించాడు.

"ఏమయ్యా, ఉయ్యాల ఊపుతున్నావా?" అన్నారు అమ్మగారు కళ్లు తెరవకుండానే.

"లేదమ్మా, ఊరికే చూస్తున్నాను."

"రోడ్డు చూడు, చాలు."

కాసేపటికి వెనక నుంచి ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు వినిపించింది.