నాయన పైకి తిప్పిన స్క్రూ

నా చిన్నప్పుడు మెదక్‌లో ఆడపిల్ల చేతికి పిస్తోలు ఇచ్చిన పెద్దమనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన మా పక్కింటి చాచా. మిలిటరీలో చేసి రిటైరై వచ్చినవాడు. అక్కడ పోటీల్లో కాల్చేవాడట. ఆయన దగ్గర పాత ఎయిర్ పిస్టల్ ఒకటి ఉండేది. దానికి మందూ తూటా ఏమీ అక్కర్లేదు. గొట్టాన్ని వంచితే లోపల స్ప్రింగు బిగుస్తుంది, మీట నొక్కితే ఆ స్ప్రింగు గాలిని తోస్తుంది, ఆ గాలి మిరియపు గింజంత సీసపు గుండును తోస్తుంది. చాచా తన పెరటి గోడకు చెక్క పలక ఆనించి, దాని మీద నల్లటి గుండ్రం ఉన్న కార్డు అంటించి, సాయంత్రాలు పక్కన నిలబడి నాకు కాల్చడం నేర్పేవాడు. నాకు అప్పుడు పదమూడేళ్లు. నోరు పెద్దది, చెయ్యి చిన్నది. బడిలో నా పేరు తలిచేవాళ్లు లేరు గాని, ఆ పెరట్లో మాత్రం నేను కాల్చిన గుండు నల్ల గుండ్రం దాటేది కాదు.

ఆ వేసవిలో స్కూలు పిల్లల పోటీలకు జిల్లా జట్టును సంగారెడ్డిలో ఎంపిక చేస్తారని తెలిసింది. అప్పట్లో మా జిల్లా పనులన్నీ అక్కడే జరిగేవి. నాకు ఒక పని వచ్చునని నలుగురి ముందు తేలే అవకాశం అదొక్కటే అనిపించింది. అన్నం తింటున్నా అదే ధ్యాస, పడుకున్నా అదే ధ్యాస. తీరా ఆ రోజు దగ్గర పడుతుండగా, నర్సాపూర్‌లో ఉన్న తన అన్నకు ఒంట్లో బాగలేదని చాచా వెళ్లాల్సి వచ్చింది. పోతూ పోతూ పిస్టల్‌ను మా నాయన చేతికిచ్చి, నువ్వు పక్కన నిలబడితేనే బిడ్డ చేతికి ఇయ్యాలె అని గట్టిగా చెప్పి పోయాడు.

మా నాయన బజారులో దర్జీ. పిస్టల్ గురించి ఆయనకు ఏమీ తెలియదు. తెలిసిందల్లా, కూతురు సంగారెడ్డికి పోవాలని. సాయంత్రం దుకాణం తొందరగా కట్టేసి వచ్చి, మెడలో కొలతల టేపు అట్లాగే ఉండగా నా పక్కన నిలబడేవాడు.

కొన్నాళ్లకే నా గుండ్లు కిందికి దిగడం మొదలైంది. ముందు నల్ల గుండ్రం అంచుకు, తర్వాత దాని కిందికి. నేను కళ్లు చికిలించి చూసుకున్నాను, ఊపిరి బిగబట్టుకున్నాను, ఏం చేసినా అంతే. అప్పుడు నాయన పిస్టల్‌ను తిప్పి తిప్పి చూసి, గురి చూసే గాడి దగ్గర ఒక చిన్న స్క్రూ కనిపెట్టాడు. కుట్టుమిషను స్క్రూడ్రైవర్ తెచ్చి దాన్ని కొంచెం తిప్పాడు. గాడి పైకి లేచింది, గుండు కూడా పైకి వచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"బట్ట బిగుతైతే కుట్టు విప్పి వదులు జేస్తం గద బిడ్డా, గిదీ గంతే" అన్నాడు.

మరునాడు గుండు మళ్లీ దిగింది. నాయన మళ్లీ స్క్రూ తిప్పాడు. అట్లా రోజూ నేను కిందికి జారడం, ఆయన పైకి లేపడం. మా అమ్మ ఇదంతా దిష్టి అని తేల్చి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలకు మేమందరం దగ్గాం, గుండు మాత్రం లేవలేదు. పిస్టల్ చప్పుడు కూడా మారింది. ఠప్పున పేలేది కాస్తా తుస్సుమంటోంది. నేను దాన్ని పట్టించుకోలేదు. నా చేతిలోనే సత్తువ పోయిందనుకున్నాను. ఒక సాయంత్రం స్క్రూ ఇక తిరగనని మొండికేసింది. నాయన స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు. నేను ఆ పెరట్లోనే కూర్చుని ఏడ్చాను.

చాచా శుక్రవారం వచ్చాడు. ఎంపిక ఆదివారం. నేను ఏడుపు మొహంతో కార్డులన్నీ ముందు పరిచాను. ఒక్కసారి కాల్చి చూపమన్నాడు. కాల్చాను. ఆయన కార్డు వైపు చూడనే లేదు, చెవి ఒగ్గి విన్నాడు. ఆ తర్వాత పిస్టల్ పక్కన పెట్టేసి, "బేటీ, ముందుగాల మీ చాచీ స్టవ్వు ఖరాబైంది, గది చూడు జర" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ప్రాణం మీదికి వచ్చిన పిల్లను పట్టుకుని స్టవ్వు బాగు చెయ్యమంటాడేమిటి? అయినా చాచా మాట కాదనే అలవాటు లేదు. అది పంపు కొట్టే కిరసనాయిలు స్టవ్వు. ఎంత కొట్టినా పంపు ఊరికే లోపలికీ బయటికీ జారుతోంది, గాలి పట్టడం లేదు. ఆయన చెబుతుంటే పంపు కడ్డీ విప్పాను. దాని చివర చిన్న తోలు వాషరు ఉంది. ఎండలకు ఎండి, ముడుచుకుపోయి, నిన్నటి రొట్టె ముక్కలా ఉంది. మా ఇంటి నుంచి మిషను నూనె తెచ్చి పెట్టి, అంచులు వేళ్లతో మెల్లగా సాగదీసి, మళ్లీ బిగించాను. ఈసారి పంపు నా బొటనవేలిని వెనక్కి తోసింది. స్టవ్వు నీలంగా మండింది. చాచీ మెచ్చుకుంటూ చాయ్ పెట్టింది.

అప్పుడు చాచా పిస్టల్ తెచ్చి నా ముందు చాప మీద పెట్టాడు. "గిప్పుడు చెప్పు, దీనికేమైంది?"

నేను పిస్టల్ వైపు చూశాను, స్టవ్వు వైపు చూశాను. లోపల దీనికీ తోలు ఉందా అని అడిగాను. ఆయన నవ్వాడు. గొట్టం వంచి, దాని వెనకనున్న బెజ్జంలో కొన్ని నూనె చుక్కలు నాతోనే వేయించాడు. తోలు నూనె తాగేదాకా, గొట్టం పైకి ఉండేటట్టు మూలన ఆనించి పెట్టాడు.

తెల్లారి నాయన కూడా వచ్చాడు. నేను గురి చూసి మీట నొక్కాను. నూనెకు కాస్త పొగ, వెంటనే ఆ పాత ఠప్పు! కానీ కార్డు మీద బెజ్జం లేదు. గుండు పలక కూడా దాటి పైన గోడకు తగిలి సున్నం రాల్చింది. నాయన మొహం పాలిపోయింది. ఉన్నది కూడా చెడగొట్టుకున్నామని గొణిగాడు.

"లేదు తమ్మీ" అన్నాడు చాచా, నాయన భుజం మీద చెయ్యి వేసి. "లోపల గాలి తగ్గుతుంటె నువ్వు గురి పెంచుకుంట పోయినవు. గిప్పుడు గాలి వచ్చింది, గురి ఇంక గక్కడనే ఉన్నది."

నాయన చిన్నబుచ్చుకుంటాడేమోనని నేను భయపడ్డాను. ఆయన గోడ మీది మచ్చను ఒకసారి చూశాడు. తర్వాత జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"నేనేసిన కుట్లే గద. నేనే విప్పుత."

కొంచెం దించడం, నాతో కాల్పించి చూడడం, మళ్లీ కొంచెం దించడం. నా కోసం రోజుకింత ఎత్తిందంతా ఆ పొద్దున ఆయన తన చేత్తోనే దించేశాడు. చివరికి గుండు నల్ల గుండ్రం నడుమకు వచ్చి కూర్చుంది. నాకు ఆ రోజు మా నాయన మీద పుట్టినంత ప్రేమ మళ్లీ ఎవరి మీదా పుట్టలేదు.

సంగారెడ్డిలో జట్టుకు ఎంపికయ్యాను. ఆ తర్వాత పెద్ద పోటీల్లో నేను పొడిచిందేమీ లేదు, అది వేరే సంగతి.

చాలా ఏళ్ల తర్వాత, నేను మెదక్‌లోనే కాపురం ఉంటూ వారం వారం పుట్టింటికి పోయి వచ్చే రోజుల్లో, నాయన కుట్టుమిషను చోటు మారడం గమనించాను. ఎప్పుడూ గోడ పక్కనుండేది కిటికీ దగ్గరికి వచ్చింది. అక్కడి నుంచి వరండాలోకి. ఆ తర్వాత వీధి మెట్టు దాకా. ఎండలో కూర్చుంటావేమని అడిగితే ఏం లేదు, సర్దుకుంటున్నా అనేవాడు. ఒకరోజు ఆయన సూదిలో దారం ఎక్కించలేక తంటాలు పడుతుంటే పక్కన కూర్చుని, "నాయినా, గీ మిషను ఇంకెక్కడికి జరుపుతవ్? ఇంగ రోడ్డే ఉన్నది" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. నవ్వాడు.

"స్క్రూ అయిపోయిందా బిడ్డా?"

మరునాడే కంటి దవాఖానకు తీసుకుపోయాను. కంటి పొర తీసిన తర్వాత, డాక్టరు బరువులు ఎత్తొచ్చన్న రోజునే, నేను వద్దంటున్నా వినకుండా మిషను తనే లోపలికి జరుపుకుని గోడ పక్కన పెట్టుకున్నాడు.

చాచా లేడు, నాయన లేడు. ఇప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. కోడలో, మనవరాలో, పాలుపోసే మనిషో, మొహం వాడిపోయి ఉండి కూడా ఏం లేదు, సర్దుకుంటున్నా అంటే నేను ఊరుకోలేను. స్టవ్వు మీద చాయ్ పెట్టి పక్కన కూర్చుంటాను. గాలి ఎక్కడ పోతోందో చెప్పమంటాను.