బిషప్పు గారి బకెట్టు

మా కోనసీమలో పెద్దమనిషి ఎదురుగా నిలబడితే "వద్దు" అనే మాట నోట్లోంచి రాదు. ప్రాణం మీదికొచ్చినా "ఆయ్" అంటాం. డెబ్భైల్లో మా గుడిలో అందరం కలిసి భోంచేసే ఒక ప్రేమ విందును ఆ మర్యాదే నిలువునా ముంచబోయింది.

ఆ ఏడు మా గుడికి బిషప్పు గారు వస్తున్నారని పేటంతా తలకిందులైంది. ఆయన కూర్చోడానికని మా నాన్నగారు అమలాపురం ఫొటో స్టూడియోలో ఎర్ర మఖమల్ కుర్చీ అడిగి, బస్సు టాపు మీద కట్టించి తెచ్చారు. ఆ చుట్టుపక్కల పెళ్ళయిన ప్రతి జంటా అందులో బిగుసుకుని కూర్చున్నవాళ్ళే. వంట పెత్తనం మా మామ్మది. కార్డు మీద తెచ్చుకున్న కంట్రోలు పంచదార ఇంటింటా గ్లాసెడేసి పోగేసి, పెద్ద గుండిగతో పరమాన్నం వండింది. తన చేతి మీద ఏ విందులోనూ కడబంతికి తక్కువ పడలేదని ఆవిడకి మహా గర్వం.

మన రాజైన ప్రభువే నడుముకు తువ్వాలు చుట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడని బిషప్పు గారు చక్కగా ప్రసంగించారు. చెప్పి ఊరుకుంటే బాగుండును. విందు మొదలవగానే నిలువుటంగీ విప్పేసి, తువ్వాలు బిగించి, పరమాన్నం బకెట్టు అందుకున్నారు. నాన్నగారు కుర్చీ చూపించి ఎంత బతిమాలినా వినలేదు.

చాలనేదాకా వడ్డించడం ఆయన అలవాటు. చాలనకపోవడం మా అలవాటు. ఇంకో గరిట వెయ్యమంటారా అని ఆయన అడగడం, "ఆయ్" అని వీళ్ళు తలూపడం. షుగరున్న హెడ్మాస్టారు కూడా కళ్ళు మూసుకుని "ఆయ్" అన్నారు. మా చెల్లి ఆకులో పరమాన్నం కోడికూరని ముంచేసి నా ఆకులోకి పారింది. ఇద్దరం పొలమారేలా నవ్వాం.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఆ రోజు మొదటి బంతి లేచేసరికే గుండిగ అడుగు కనబడింది. పొద్దుటి నుంచీ నీళ్ళు మోసి, కట్టెలు కొట్టి, కొబ్బరి తురిమినవాళ్ళు ఇంకా కూర్చోనేలేదు. మామ్మకి ముచ్చెమటలు పోశాయి. వెళ్ళి ఆయనతో చెప్పమని నాన్నగారిని తోసింది. నాన్నగారు వెళ్ళి, చేతులు కట్టుకుని, "ఆయ్" అనేసి వచ్చేశారు.

చివరికి మామ్మే కొంగు నిండుగా కప్పుకుని వెళ్ళింది.

"అయ్యగారూ, మావోళ్ళు మీకు ఒద్దని చెప్పరండి. గుండిగ నిండుకుందండి."

ఆయన నాలిక్కరుచుకుని, ఆనక పగలబడి నవ్వారు. తనకోసం మామ్మ జీడిపప్పు వేసి విడిగా దాచిన పరమాన్నం క్యారేజీ తెప్పించారు. కడబంతిని కూర్చోబెట్టి, ఆ బంతిలో మామ్మని కూడా కూర్చోమన్నారు. ఆవిడ విందుల్లో కూర్చుని తినడం నేనెప్పుడూ చూడలేదు. పొయ్యి దగ్గర నిలబడే ఇన్ని మెతుకులు నోట్లో వేసుకునేది.

ఆయన తలా కాస్తా వడ్డిస్తూ మామ్మ దగ్గరికి వచ్చేసరికి క్యారేజీలో ఒక్క గరిటెడే ఉంది. మఖమల్ కుర్చీలో మా చెల్లి అప్పటికే నిద్రపోతోంది. మామ్మ రెండు చేతులూ ఆకుకి అడ్డం పెట్టింది.

"నాకొద్దండి. అది మీకోసం ఉంచేనండి."

ఆయన ఆవిడ ఆకు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"మీవాళ్ళు నాకు వద్దని చెప్పరన్నారు కదండీ?"

మామ్మ చేతులు తీసేసింది. బుగ్గల మీద నీళ్ళు కారుతుంటే నవ్వుతూ, "ఆయ్" అంది.